గేరి మాట – 17: ఇల్లిచ్చినాం అంటారు, ఏమిచ్చినారో లెక్క చూద్దాం



పోయిన వారం రాసిన భాగం కింద ఒకాయన కామెంట్ పెట్టినాడు. "అన్నా, ఇళ్లు మీకే, రేషన్ మీకే, స్కాలర్‌షిప్ మీకే. ఇంకా ఏం కావాల మీకు?" ఆయన పేరు నేను ఎత్తను. ఆయన ఒక్కడి మాట కాదు అది. ప్యాపిలి బస్టాండు కాడ టీ తాగుతా కూర్చుంటే రోజూ వినబడే మాటే. డోన్‌లో వినబడుతుంది, నంద్యాల కలెక్టరేట్ వరండాలో కూడా వినబడుతుంది. కాబట్టి ఈ వారం దానికే జవాబు. కోపంతో కాదు, లెక్కతో.

ముందు "ఇచ్చినాం" అనే మాట సంగతి చూద్దాం.

ఊర్లో గ్రామకంఠం అని ఒకటి ఉంటుంది. ఇండ్లు కట్టుకోవడానికని ఎప్పుడో విడిచిన ఊరి జాగా. మీ ఊర్లో ఆ గ్రామకంఠం ఎవరి చేతిలో ఉందో ఒకసారి నడిచి చూడండి. రచ్చకట్ట చుట్టూ, గుడి చుట్టూ, మంచినీళ్ల బావి చుట్టూ ఉన్న జాగా ఎవరిది? ముందర వాకిలి, వెనక పెరడు, పక్కన గాటిపాడు, గడ్డివామికి వేరే జాగా. ఈ జాగాకి వాళ్ల తాతలు ఏ ఆఫీసులో అర్జీ పెట్టినారు? ఏ ఎమ్మార్వో సంతకం చేసినాడు? ఏ లిస్టులో పేరు వచ్చింది? ఏదీ లేదు. కులమే వాళ్ల పట్టా. 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ అని పథకం తెచ్చింది. డ్రోన్ ఎగరేసి ఊరి ఇండ్ల జాగాలు కొలిచి ఆస్తి కార్డు ఇస్తారంట. మంచిదే. పది సెంట్ల వాకిలి ఉన్నోనికి పది సెంట్ల కార్డు వస్తుంది. ముక్కాలు సెంటులో మూడు పొయ్యిలు పెట్టుకున్నోనికి ముక్కాలు సెంటుకే కార్డు వస్తుంది. మొదటాయనకు వచ్చిన దాన్ని ఎవరూ ఉచితం అనరు, ఓట్ల కోసం ఇచ్చినారు అనరు. మనకు సెంటున్నర ఇస్తే మాత్రం రాష్ట్రమంతా ఫ్లెక్సీలు కడతారు.

అంటే ఈ దేశంలో ఇండ్ల జాగా ఉచితంగా ముందు తీసుకున్నోళ్లు మనం కాదు. మనం తీసుకున్నది చివర్న. అదీ మిగిలింది, ఊరికి దిగువన, మురుగు పారే వైపు. మాల గేరి, మాదిగ గేరి ఎక్కడున్నాయో చూస్తే ఆ ఊర్లో వాననీళ్లు ఎటు పారతాయో సర్వేయర్ లేకుండానే చెప్పొచ్చు.

రెండో సంగతి. ఇల్లు దయ కాదు, హక్కు. ఇది నా మాట కాదు. చమేలీ సింగ్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అని సుప్రీంకోర్టు కేసు ఒకటి ఉంది. షెడ్యూల్డ్ కులాల వాళ్లకు ఇళ్లు కట్టించడానికి అక్కడి ప్రభుత్వం భూమి సేకరిస్తే భూస్వాములు కోర్టుకు పోయినారు. మా భూమి తీసుకుంటే మా బతుకు హక్కు పోతుంది అన్నారు. కోర్టు వాళ్ల మాట ఒప్పుకోలేదు. నిలువ నీడ అనేది 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తేల్చింది. అంతటితో ఆగలేదు. ఇల్లంటే నెత్తి మీద కప్పు మాత్రమే కాదు, సరిపోను చోటు, గాలి, వెలుతురు, మంచినీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి, దారి, శుభ్రమైన పరిసరాలు అన్నీ కలిస్తేనే ఇల్లు అని చెప్పింది. ఈ తీర్పు మన గేరిలో ఎంతమందికి తెలుసు? హౌసింగ్ ఆఫీసులో ఎంతమందికి తెలుసు? తెలిస్తే "పునాది లేపినావు కదా, ఇంకేం కావాల" అని మనల్ని అడగరు.

మూడో సంగతి, ఈ ఇళ్ల పథకం అసలు ఎవరి కోసం పుట్టింది? 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు అది ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడిపించిన కూలోళ్లకు మాత్రమే. 1993-94లో దాన్ని మిగతా పేదలకు కూడా తెరిచినారు. పేదోడు ఎవరైనా పేదోడే, వాళ్లకు రావద్దని నేను అనను. కానీ మన పేరు మీద పుట్టిన పథకాన్ని అందరిదీ చేసినాక, ఇప్పుడు "అన్నీ మీకే" అని మనల్నే అంటే ఎట్లా సామీ?

సరే, ఇచ్చింది ఇచ్చినట్టే లెక్క చూద్దాం. ఏ పార్టీనీ వదిలిపెట్టను, ఏ పార్టీకీ మొక్కను.

ఉమ్మడి రాష్ట్రంలో 1979లో హౌసింగ్ కార్పొరేషన్ పెట్టినారు. 1983 తర్వాత ఎన్టీఆర్ కాలంలో పక్కా ఇళ్లు వచ్చినాయి. 2006లో ఇందిరమ్మ వచ్చింది. 2020 డిసెంబర్ 25న "నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు" అని 30 లక్షలకు పైగా పట్టాలు, 17 వేలకు పైగా లేఅవుట్లు. ఇప్పుడు కూటమి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అంటోంది. ప్రభుత్వం మారినప్పుడల్లా కాలనీ ఆర్చి మీద పేరు మారుతుంది, రంగు మారుతుంది. ఆర్చి లోపల బురద మాత్రం మారలేదు.

2020 పట్టాలు ఆడోళ్ల పేరు మీద ఇచ్చినారు. అది మంచి పని, మంచిదని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. తాగొచ్చి "నా ఇంట్లోంచి పో" అని మొగుడు అంటే, "ఇల్లు నాది, నువ్వే పో" అనే కాగితం ఆడమనిషి చేతికి వచ్చింది. కానీ ఆ కాగితం మీద కొలత చూడండి. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటున్నర అంటే 653 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు. మిగిలిన సుమారు 313 అడుగుల్లోనే మరుగుదొడ్డి, జాలారి, మెట్లు, నీళ్ల తొట్టి, నాలుగు పక్కలా విడవాల్సిన సందు. మరి మేకలు యాడ కట్టేయాల? గొడ్డు యాడ? కంది కట్టె, కట్టెల మోపు, సైకిల్ మోటారు యాడ? కూలోని ఇల్లు అపార్ట్‌మెంట్ ఫ్లాటు కాదు. కూలోనికి ఇల్లే గోదాము, దొడ్డి, కళ్లం, అన్నీ. నాలుగు మేకలు అమ్మితేనే బిడ్డ కాలేజీ ఫీజు కట్టే ఇంటికి, మేకల జాగా తీసేస్తే ఫీజు తీసేసినట్టే.

ఈ సంగతి 2021 అక్టోబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి కూడా అన్నాడు. సెంటు, సెంటున్నరలో మనుషులు ఆరోగ్యంగా ఎట్లా బతుకుతారు, కమిటీ వేసి చూడండి అన్నాడు. తర్వాత డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టింది. కోర్టులో కేసు ఓడిపోయినా, గెలిచినా ఆ ప్రశ్న మాత్రం అట్లే ఉంది. ఇప్పుడు మూడు సెంట్లు అంటున్నోళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టే. మరి ఇప్పటికే సెంటున్నర తీసుకున్న ఆడోళ్లకు మిగతా సెంటున్నర ఎప్పుడు ఇస్తారో ఆ జవాబు కూడా చెప్పాల.

ఇంకొకటి. ఆ లేఅవుట్లకు 68 వేల ఎకరాలకు పైగా భూమి కావాల్సి వచ్చింది. కొంత కొన్నారు, కొంత ప్రభుత్వ భూమి. చాలా చోట్ల దళితులు సాగు చేసుకుంటున్న అసైన్డ్, డీకేటీ భూములనే వెనక్కి లాక్కున్నారని అప్పట్లో దళిత సంఘాలు, రైతు సంఘాలు రోడ్డెక్కినాయి. 1977 అసైన్డ్ భూముల చట్టం చేసిందే మన భూమి మన చేతి నుంచి జారిపోకూడదని. వేరేవాళ్లు కొనకుండా అడ్డం ఉన్న చట్టం, ప్రభుత్వమే తీసుకుంటే అడ్డం రాదంట. మాదిగోని రెండెకరాలు తీసుకొని నలభై మంది మాదిగోళ్లకు సెంటున్నర పంచితే దాన్ని భూపంపిణీ అంటారా? ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టి దానం చేసినాం అన్నట్టుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇంటికి 1 లక్షా 80 వేలు. 340 అడుగులకు భాగించండి. అడుగుకు 529 రూపాయలు. కేంద్రం గ్రామీణ్ పథకంలో మైదాన ప్రాంతంలో 1 లక్షా 20 వేలు, కనీసం 25 చదరపు మీటర్లు కట్టాల, అంటే 269 అడుగులు. అడుగుకు 446 రూపాయలు. మీ ఊరి మేస్త్రిని పిలిచి అడగండి, అడుగు 529కి స్లాబు ఇల్లు కట్టిస్తావా అని. నవ్వుతాడు. ఇసుక ఉచితం అంటారు. ఇసుక ఉచితమే, ట్రాక్టరు ఉచితం కాదు, డీజిల్ ఉచితం కాదు. ప్యాపిలి మెట్ట మీద ఇసుక పారే ఏరు యాడుంది? దూరం నుంచి తోలుకోవాల. ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి వస్తుంది అంటారు. ఆ 90 రోజులూ మనిషి తన ఇంటికే తాను కూలి చేయాల.

మిగిలిన డబ్బు యాడి నుంచి వస్తుంది? డ్వాక్రా అప్పు ఒకటి. అది చాలదు. వారం వారం ఇంటి ముందుకు వచ్చి కూర్చునే మైక్రోఫైనాన్స్ అప్పు ఇంకొకటి. అదీ చాలకపోతే రెడ్డి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ వడ్డీ కట్టడానికి ఆయన చేనులో పని. పథకం పుట్టింది వెట్టోళ్లను విడిపించినాక వాళ్లకు ఇల్లు కట్టించడానికి. ఇప్పుడు అదే ఇల్లు కట్టుకోవడానికి అప్పు చేసి మళ్లీ ఆ చేనుకే పోతున్నారు. ఇది నేను మాటల గారడీకి చెప్పడం లేదు. గేరిలో ఏ ఇంటి ముందు స్లాబు పడి గిలాబు ఆగిపోయి ఉందో, ఆ ఇంటోళ్లను అడగండి, ఎవరికి ఎంత బాకీనో చెప్తారు.

2025 మార్చిలో ప్రభుత్వం సగంలో ఆగిన ఇళ్లకు అదనంగా ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఇవ్వడం అంటేనే 1 లక్షా 80 వేలు చాలదని ఒప్పుకోవడం. సంతోషం. కానీ అప్పు చేసి, పుస్తెలు తాకట్టు పెట్టి, గడువు లోపల ఇల్లు పూర్తి చేసిన ఆడమనిషి సంగతేమి? చెప్పినట్టు విన్నందుకు ఆమెకు రూపాయి లేదు. ఇది ఏం న్యాయం?

బిల్లుల సంగతి ఇంకొకటి ఉంది. పునాదికి ఒక బిల్లు, గోడలు లేస్తే ఒకటి, స్లాబు పడితే ఒకటి, పూర్తయితే ఒకటి. ప్రతి దానికీ ఫోటో, జియో ట్యాగు. చేతిలో డబ్బులున్నోనికి ఇది బాగానే ఉంటుంది. ముందు పెట్టుబడి పెడతాడు, తర్వాత బిల్లు తీసుకుంటాడు. లేనోడు మొదటి మెట్టు కాడనే ఆగిపోతాడు. మన సీమలో పనులు అయిపోయినాక జనవరి నుంచి గుంటూరు మిరపకోతలకు పోయే కుటుంబాలు ఎన్నున్నాయో అందరికీ తెలుసు. ఇల్లు కట్టడానికి పనికొచ్చే ఎండాకాలం ముందర నెలల్లోనే వాళ్లు ఊర్లో ఉండరు. ఉంటే తిండి లేదు, పోతే ఇల్లు లేదు. తిరిగొచ్చేసరికి "మొదలు పెట్టలేదు" అని రాసేసి ఉంటారు. ఆ రాత రాసినాయన వచ్చి తాళం చూసిపోయినాడు కానీ, ఆ తాళం ఎందుకు పడిందో రాసే గడి ఆయన యాప్‌లో లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా గొడవ కొత్త ఇళ్ల గురించి సగమే. మిగతా సగం పాత ఇళ్ల గురించి.

1980లలో, 90లలో కట్టిన ఎస్సీ కాలనీలు మన మండలంలో ఏ ఊరికి పోయినా కనబడతాయి. ఒకే గది, ముందర చిన్న వసారా. స్లాబు పెచ్చులు ఊడి లోపల కమ్మీలు తుప్పు పట్టి బయటికి వచ్చి ఉంటాయి. వానొస్తే లోపల గిన్నెలు పెడతారు. అందులో అవ్వ తాత, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పిల్లలు. అడ్డంగా చీర కట్టుకొని కాపురాలు. పెద్ద కొడుకు ఇంటికి అర్జీ పెడితే "మీ నాయన పేరు మీద ఇల్లు వచ్చింది కదా" అంటారు. సర్వేకు వచ్చినోడు స్లాబు చూసి "పక్కా ఇల్లు" అని టిక్కు పెట్టి పోతాడు. ఆ స్లాబు ఎప్పుడు నెత్తిన పడుతుందో అని రాత్రి నిద్రపోని మనిషి, లెక్కల్లో పక్కా ఇంటాయన.

దీనికి మరమ్మతు పథకం యాడుంది? పాత ఇందిరా ఆవాస్‌లో కచ్చా ఇళ్లను బాగుచేసుకోవడానికి కొంత వాటా ఉండేది. 2016లో దాన్ని పీఎంఏవై గ్రామీణ్‌గా మార్చినాక పల్లెలో అదీ పోయింది. పట్టణాల పథకంలో ఉన్న ఇంటికి గది కలుపుకోవడానికి దారి పెట్టినారు, పల్లెటూరి మాదిగోనికి ఆ దారి లేదు. ఎందుకంటే మరమ్మతుకు రిబ్బన్ కట్ చేయలేరు. పాత ఇంటికి కొత్త పేరు పెట్టలేరు. పది కొత్త ఇళ్లు కట్టినాం అంటే పేపర్లో వస్తుంది, వంద పాత ఇళ్ల కప్పు ఆపినాం అంటే రాదు. కానీ బతుకులు ఉన్నది ఆ వంద ఇళ్లలో.

ఇల్లు ఎట్లా కట్టాలనేది కూడా మనల్ని ఎవరూ అడగలేదు. సీమలో మన పెద్దోళ్ల మట్టి మిద్దెలు గుర్తు చేసుకోండి. రాయీ మట్టీ కలిపి మూరెడు, రెండు మూరల మందం గోడలు. దూలాలు, దంతెలు, పైన కట్టె పరిచి మట్టి, ఆ మీద చౌడు. వెలుతురుకు గవాచి. బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా లోపల పడుకోవచ్చు. నేను ఆ మిద్దెలను పొగిడి మళ్లీ అందులోకి పొమ్మనడం లేదు. ఏటా చౌడు పరచకపోతే కారుతుంది, పెద్ద వానకు నాని కూలుతుంది. రాత్రి పూట మిద్దె కూలి మనుషులు చనిపోయిన వార్తలు సీమలో ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. 2009 అక్టోబర్ వరదలో కర్నూలు, నంద్యాల వైపు మట్టి గోడలు ఎట్లా కరిగిపోయినాయో చూసినోళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి మట్టి మిద్దె ముద్దు అని పట్నంలో ఏసీ గదిలో కూర్చొని రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ సముద్రం ఒడ్డున కట్టే పల్చటి గోడ, పల్చటి స్లాబు, అదే ప్లాను అచ్చుగుద్ది డోన్ గుట్టల్లో కట్టించేవాళ్లతో కూడా పేచీ ఉంది. మే నెలలో ఆ స్లాబు కింద బాలింతను, పసిబిడ్డను పడుకోబెట్టి చూడండి. పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. అందుకే కొత్త ఇల్లు వచ్చినా ముసలోళ్లు బయట వేపచెట్టు కింద నులకమంచం వేసుకుంటారు.

దగ్గర్లోనే బేతంచెర్ల ఉంది. నాపరాయి అక్కడి నుంచే దేశమంతా పోతుంది. కొలిమిగుండ్ల వైపు సున్నపురాయి గనులు, సిమెంట్ ఫ్యాక్టరీ. రాయి తవ్వేది మనం, పాలిష్ పట్టే మిషన్ కాడ దుమ్ము మింగేది మనం, లారీకి ఎత్తేది మనం. మన జిల్లా రాయితో ఊర్లోళ్ల హాలు మెరుస్తుంది. మన ఇంట్లో మాత్రం సిమెంటు బస్తా లెక్కపెట్టి ఇస్తారు. ఈ జిల్లా రాయితో, మందం గోడతో, ఎండకు ఆగే కప్పుతో, మనకు సరిపోయే ఇల్లు ఎట్లా ఉండాలో ఇంజనీర్లకు తెలియక కాదు. అడిగేవాళ్లు లేరు, అంతే.

ఇదే జిల్లాలో శ్రీశైలం, ఆత్మకూరు వైపు నల్లమలలో చెంచులు ఉన్నారు. వాళ్ల కథ మన కథ కంటే కష్టం. ఆదిమ గిరిజనుల కోసమని 2023 నవంబర్‌లో కేంద్రం పీఎం జన్‌మన్ తెచ్చింది, ఇంటికి 2 లక్షలు. కాగితం మీద బాగుంది. అడవి లోపల గూడేనికి సిమెంటు, ఇటుక చేరాలంటే దారి కావాల. దారి కావాలంటే అటవీ శాఖ ఒప్పుకోవాల, అది పులుల అభయారణ్యం. అడవి వదిలి బయటికొస్తే ఇల్లు ఇస్తాం అనే మాట చెంచోళ్లు ఎన్ని తరాలుగా వింటున్నారో! తేనె, గడ్డలు, జిగురు ఉన్న అడవిని వదిలి రోడ్డు పక్కన వరుసగా కట్టిన గదుల్లోకి రమ్మంటే, ఇచ్చింది ఇల్లా, తీసుకున్నది అడవా? మనకు సెంటున్నర ఇచ్చి చేను తీసుకున్నట్టే, వాళ్లకు గది ఇచ్చి అడవి తీసుకోవడం. మాలలు, మాదిగలు, చెంచులు ఈ ఒక్క లెక్క కాడ ఒకరి మాట ఒకరు వినాల.

ఇది మన కాడే అనుకోవద్దు. కెనడా అని పెద్ద ధనిక దేశం. అక్కడ ఉత్తరాన, గడ్డకట్టే చలిలో ఆ నేల అసలు మనుషులు ఉంటారు. అట్టావాపిస్కట్ అని ఒక ఊరు. 2011 అక్టోబర్‌లో ఆ ఊరి పెద్దలు ఇళ్లు లేక అత్యవసర పరిస్థితి ప్రకటించినారు. చలికాలం ముంచుకొస్తుంటే కుటుంబాలు గుడారాల్లో, రేకుల షెడ్లలో ఉన్నాయి. అప్పుడు ఆ దేశ ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? మీకిచ్చిన డబ్బు ఏమైంది అని, ఆ ఊరి లెక్కలు చూడటానికి బయటి నుంచి ఒక మేనేజర్‌ను పెట్టింది. ఇల్లు అడిగితే లెక్కలాయన్ను పంపినారు. మరుసటి ఏడు వాళ్ల ఫెడరల్ కోర్టు ఆ నియామకం సరైంది కాదని చెప్పింది. చూసినారా, భాష వేరు, చలి వేరు, ఎండ వేరు. కానీ అడిగినోన్నే దొంగను చేసే పద్ధతి ఒకటే. "ఇచ్చిన ఇల్లు అమ్ముకుంటారు, బాడుగకు ఇస్తారు, తాగి పోగొడతారు" అని మనల్ని అనేది కూడా అదే పద్ధతి.

ఇంక కాలనీ దూరం సంగతి. బాబాసాహెబ్ 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో పల్లెను పొగిడేవాళ్లను ఎట్లా కడిగినాడో మనకు తెలుసు. అంతకు ముందే 1942లో నాగపూర్ సభలో షెడ్యూల్డ్ కులాలకు వేరే ఊర్లు కావాలని తీర్మానం చేసినారు. కారంచేడు తర్వాత చీరాలకు, చుండూరు తర్వాత తెనాలికి మనోళ్లు తలదాచుకోవడానికి పోయినప్పుడు ఆ తీర్మానం ఎందుకో అర్థమైంది. కాబట్టి కొందరు మిత్రులు అడుగుతారు, "ఊరికి దూరంగా కాలనీ ఇస్తే మంచిదే కదన్నా, బాబాసాహెబ్ చెప్పిందే కదా" అని. కాదు మిత్రమా. ఆయన అడిగింది భూమి ఉన్న ఊరు. సాగు నేల, నీళ్లు, బడి, మన సొంత బతుకు ఉన్న ఊరు. వీళ్లిచ్చేది నేల లేని దూరం. పొద్దున కూలికి మళ్లీ ఆ ఊరికే నడిచి రావాల, పిల్లోడు ఆ ఊరి బడికే రావాల, రేషన్‌కు, ఆసుపత్రికి ఆ ఊరికే రావాల. బతుకు ఊర్లో, పడక ఊరి బయట. దాన్ని వెలివేత అంటారు, వేరు ఊరు అనరు.

"డబ్బులు లేవు" అంటారు. ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. పదేళ్ల గడువు తీరితే 2023లో ఇంకో పదేళ్లు పొడిగించినారు. మన జనాభా వాటా ప్రకారం మన డబ్బు మనకే ఖర్చు పెట్టాలని చట్టం. కానీ అందరికీ ఇచ్చే పథకంలో మనకు వచ్చిన ముక్కను కూడా సబ్ ప్లాన్ ఖాతాలో రాసుకుంటారు. అట్లా రాసుకోవడం మొదలైతే ఏ ప్రభుత్వానికైనా మన వాటా ఖర్చయినట్టే కనబడుతుంది, గేరిలో కాలువ మాత్రం కట్టబడదు. ఆ డబ్బు గేరి కప్పుల మరమ్మతుకు, కాలువలకు, నీళ్ల పైపుకు నేరుగా పెట్టండి అంటున్నాం. కొత్త పన్ను వేయమనడం లేదు.

మనోళ్లను కూడా వదలను. లిస్టు రాసేటప్పుడు గేరి పెద్దమనిషి అని తిరుగుతా, బిల్లుకు ఇంత అని నొక్కేవాళ్లు మనలోనే ఉన్నారు. నీలం చొక్కా వేసుకొని జై భీమ్ అని, ముసలవ్వ పునాది బిల్లులో చేయి పెట్టేటోనికి ఆ నినాదం ఎత్తే హక్కు లేదు.

కాబట్టి మనం అడిగేది ఇది. రాసుకోండి.

ఒకటి, కొత్త జాగా ఊరికి ఆనుకొని ఉండాల, మూడు సెంట్లకు తగ్గకూడదు. సెంటున్నర తీసుకున్నోళ్లకు మిగతాది ఇవ్వాల.

రెండు, దళితుల అసైన్డ్ భూమిని దళితుల ఇళ్ల కోసమైనా సరే ముట్టకూడదు.

మూడు, పాతకాలం కాలనీ ఇళ్లకు మరమ్మతు గ్రాంటు పెట్టాల. స్లాబు ఉందా అని కాదు, స్లాబు నిలబడుతుందా అని ఇంజనీరు చూసి రాయాల. ఒకే ఇంట్లో ఉన్న రెండో, మూడో కాపురాన్ని వేరే కుటుంబంగా లెక్కబెట్టాల.

నాలుగు, ఇంటి రేటు ప్రభుత్వం తన సొంత పనులకు వాడే రేట్ల ప్రకారమే కట్టాల. పునాదికి ముందే అడ్వాన్సు ఇవ్వాల. అప్పు చేసి పూర్తి చేసినోళ్లకు కూడా అదనపు సాయం అందాల.

ఐదు, వలస పోయిన ఇంటి తాళం చూసి రద్దు చేయకూడదు.

ఆరు, సీమ ఎండకు తట్టుకునే ప్లాను కావాల. దాన్ని గేరిలో, గూడెంలో కూర్చొని, ఆడోళ్లను అడిగి గీయాల.

ఇవి ఊరికే రావు. ప్యాపిలి, జలదుర్గం, రాచర్ల, బూరుగుల, ఏనుగుమర్రి, ఏ ఊరైనా సరే, మన పిల్లలు పదిమంది చదువుకున్నోళ్లు ఉంటారు. ఒక ఆదివారం నోట్‌బుక్ పట్టుకొని గేరి అంతా తిరగండి. ఏ ఇల్లు ఏ సంవత్సరం కట్టింది, ఎన్ని కాపురాలు, కప్పు కారుతుందా, మరుగుదొడ్డి ఉందా, బిల్లు యాడ ఆగింది, అప్పు ఎంత. ఫోటోలు తీయండి. తర్వాత సచివాలయానికి పోయి సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన గేరిలో ఎవరికి ఇల్లు మంజూరైంది, ఎవరిది ఏ కారణంతో తీసేసినారు, సబ్ ప్లాన్ డబ్బు మన ఊర్లో ఎంత ఖర్చు పెట్టినారు. 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాల. చెప్పకపోతే అప్పీలు. వాళ్ల లెక్క, మన లెక్క పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి.

2022 ఏప్రిల్‌లో మన మండలం కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. కలెక్టర్‌కు అర్జీ ఇవ్వాలంటే ఇప్పుడు డోన్, బేతంచెర్ల దాటి నంద్యాలకు పోవాల. స్పందన పోయి ప్రజా సమస్యల పరిష్కార వేదిక వచ్చింది. సోమవారం మాత్రం అదే సోమవారం. ఒక్కరొక్కరుగా పోతే రసీదు ఇచ్చి పంపిస్తారు. నాలుగు గేరుల లెక్క ఒకే ఫైలులో పెట్టుకొని, ఆడోళ్లను ముందు నిలబెట్టి పోదాం. "ఇచ్చినాం కదా" అని ఎవరన్నా అంటే, ఆ ఫైలు తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడదాం.

వచ్చే భాగంలో గేరి మంచినీళ్ల సంగతి రాస్తాను. మీ గేరి ఇళ్ల లెక్క తీసినోళ్లు కామెంట్లో ఊరి పేరు, ఇళ్ల సంఖ్య మాత్రం పెట్టండి, మనుషుల పేర్లు వద్దు.

జై భీమ్.